సినిమాలోంచి తీసేసిన మాట

లైబ్రరీ మెట్లెక్కగానే ఎడమచేతి గోడకు ఒక నోటీసు బోర్డు ఉంటుంది. శనివారం మధ్యాహ్నం పై హాల్లో ఉచితంగా సినిమా వేస్తారు. చూసినవాళ్లు తమ అభిప్రాయం కాగితం మీద రాసి ఆ బోర్డుకు గుచ్చి వెళ్లాలి. అక్కడి పద్ధతి అది. చాలామంది "బాగుంది" అనో, "పర్వాలేదు" అనో, "రెండో ఫ్యాను తిరగలేదు" అనో రాసి చేతులు దులుపుకుంటారు. కత్తెరమ్మ మాత్రం కాగితానికి రెండువైపులా రాస్తుంది. రాసినంతసేపూ పెదవులు బిగబట్టి, ఎవరిమీదో పాత పగ తీర్చుకుంటున్నట్టు రాస్తుంది.

ఎడారి మీద తీసిన డాక్యుమెంటరీ చూసి ఆవిడ ఇలా రాసింది: "గంటన్నర ఇసుక చూపించారు. ఇసుక బంగారంలా మెరిసింది, సంతోషం. ఒంటెలు తోలే ముసలాయన రోజుకెన్నిసార్లు నీళ్లు తాగుతాడో, కాళ్లు పీకితే ఏం చేస్తాడో ఒక్కరూ అడగలేదు. ఆయన ముఖంలో ముడతలు మాత్రం బాగా దగ్గరగా చూపించారు. ముడతలే చూడాలనుకుంటే నాకు ఇంట్లో అద్దం ఉంది."

ఆ తర్వాతి వారం వేసిన ఫైటింగు సినిమా గురించి: "హీరో వానలో నలభై ముగ్గుర్ని కొట్టాడు. నేను లెక్కపెట్టాను. చొక్కా చంక కింద ఒక్క కుట్టు పిగలలేదు. అంత గట్టి చొక్కా కుట్టినవాళ్ల పేరు చివర్లో వేస్తారేమోనని లైట్లు వెలిగేదాకా కూర్చున్నాను. వెయ్యలేదు. కిందపడ్డ నలభై ముగ్గురి పేర్లూ వెయ్యలేదు."

లైబ్రేరియన్ ఆ కాగితం గుచ్చుతూ అన్నాడు. "అమ్మా, మీరు రాసింది చదివాక జనం సినిమాకు రావడం మానేశారు. బోర్డు దగ్గరికే వస్తున్నారు."

"ఇంకేం మరి, మీకు కరెంటు ఆదా."

ఆవిడ అసలు పేరు లైబ్రరీ కార్డు మీద ఉంది గానీ వాడుకలో లేదు. ముప్పై ఏళ్లు సినిమా స్టూడియోలో కాస్ట్యూమ్స్ గదిలో బట్టలు కుట్టింది. కత్తెరమ్మ అన్న పేరు అప్పుడొచ్చింది. బడిలో చదివింది మూడో తరగతే. చదవడం నిజంగా వచ్చింది ఆ గదిలోనే. కొలతల కోసం పాత వార్తాపత్రికలు కత్తిరించేవాళ్లు. చొక్కా చేతి ఆకారంలో కోసిన కాగితం మీద సగం వార్త ఉండేది, కాలరు ముక్క మీద ఇంకో సగం ఉండేది, ఆ రెండూ వేర్వేరు వార్తలు. పడవ మునిగిందని ఉంటుంది, ఎవరు బతికారో ఉండదు. మిగతా సగం ఏమైందోనన్న ఆరాటంతోనే ఆవిడ మొదటిసారి లైబ్రరీ గడప తొక్కింది. ఇప్పటికీ అంతే. ఏది సగంలో ఆగినా ఆవిడకు నిద్ర పట్టదు. ఫోను రెండుసార్లు మోగి ఆగిపోతే సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చుంటుంది.

స్టూడియోలో ఆవిడ పని డూపుల చొక్కాలు. హీరోకు ఒక చొక్కా కుడితే, అతని బదులు దూకేవాడికి అచ్చంగా అలాంటిదే ఇంకోటి కుట్టాలి. బయటికి రెండూ ఒకటే. లోపల మాత్రం డూపు చొక్కా నాలుగు వేళ్లు వదులు. వీపుకు మందపాటి ప్యాడ్, మోచేతులకు చిన్న ప్యాడ్‌లు పెట్టుకుని దానిపైన తొడుక్కోవాలి కదా. ఆ వదులు కెమెరాకు తెలియకుండా చంకల కింద మడతల్లో దాచాలి. అది దాచడంలో ఆవిడను మించినవాళ్లు లేరనేవాళ్లు.

ఆవిడ కుట్టిన చొక్కాలు తొడుక్కుని దూకినవాడు సొంత తమ్ముడే.

ఆ తమ్ముడు పోయి ఇరవై ఆరేళ్లయింది. రెండో అంతస్తు నుంచి అట్టపెట్టెల మీదికి దూకే షాట్‌లో పోయాడు. పెట్టెలు సరిగ్గా పేర్చలేదన్నారు, గాలి అన్నారు, టైము బాగోలేదన్నారు. చొక్కా సంగతి ఎవరూ అడగలేదు. అప్పటికి వాడి కూతురికి నాలుగేళ్లు. మరదలు ఆ పిల్లను పెంచి, పెళ్లి చేసి, పోయినేడాది తనూ కన్నుమూసింది. ఇక కత్తెరమ్మకు తనవాళ్లంటూ మిగిలింది మేనకోడలొక్కతే. పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ప్రతి ఆదివారం వస్తుంది, రెండు గంటలు కూర్చుంటుంది. ఇంటికి చేరాక ఫోను చెయ్యాలి. చెయ్యడం పది నిమిషాలు ఆలస్యమైతే కత్తెరమ్మే చేస్తుంది.

స్టంట్ కళాకారుల మీద డాక్యుమెంటరీ తీస్తున్న దర్శకుడొకడు బోర్డు మీద ఆవిడ కాగితం చదివాడు. నలభై ఏళ్లుంటాయి, ముఖం నిండా గడ్డం. లైబ్రేరియన్ దగ్గర అడ్రసు తీసుకుని వచ్చాడు. ఆవిడ గదిలో కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, మూడు గంటలు మాట్లాడించాడు.

"మీ తమ్ముడు ఎలాంటివాడమ్మా?"

"తిండిపోతు. బస్సెక్కితే పక్కవాడి భుజం మీద నిద్రపోయేవాడు. ఎవరి భుజమన్నది చూసుకునేవాడు కాదు."

"ధైర్యవంతుడు కదా?"

"వాడికి ఎత్తంటే భయం నాయనా. దూకే ముందు ప్రతిసారీ వాంతి చేసుకునేవాడు. చేసుకుని, నోరు కడుక్కుని, వెళ్లి దూకేవాడు."

దర్శకుడికి ఆ మాట అంతగా నచ్చినట్టు లేదు. "అంటే... ఒక సింహంలా..."

"సింహమే! ఏం సింహం! పిల్లిని చూస్తే మంచమెక్కేవాడు."

మూడో గంటలో, టీ తాగాక, ఎవరూ అడక్కుండానే ఆవిడ చొక్కా సంగతి చెప్పింది. ఆ రోజు పొద్దున హీరో రంగు నచ్చలేదని చొక్కా మార్చమన్నాడు. కొత్త గుడ్డ తెచ్చారు, అది రెండు చొక్కాలకు చాలీచాలకుండా ఉంది. మధ్యాహ్నానికి రెండూ కావాలన్నారు. హీరో చొక్కాకు పోగా మిగిలిన గుడ్డలో నాలుగు వేళ్ల వదులు రాదు. రాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆవిడ చేతిలో కానిది లేదన్న పేరు కదా. హీరో కొలతకే కుట్టేసింది. తమ్ముడు తొడుక్కుని "బిగుతుగా ఉందక్కా, ప్యాడ్ పట్టట్లేదు" అన్నాడు. బయట ఫైట్ మాస్టరు కేకలు. "ఒక్క షాటే కదరా, ప్యాడ్ తీసేసి వేసుకో" అంది. వాడు తీసి ఆవిడ పక్కన స్టూలు మీద పెట్టి వెళ్లాడు. వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాక కూడా అది ఆ స్టూలు మీదే ఉంది.

ఈ మాట ఆవిడ అంతకుముందు ఏ మనిషికీ చెప్పలేదు. మరదలికి చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. మరదలు పోయాక ఇంకా భయమేసింది. ఇక మేనకోడలొక్కతే మిగిలింది చెప్పడానికి. ముఖం ముఖం చూసుకుంటూ చెప్పడం తన వల్ల కాదు. చీకటి హాల్లో పక్కపక్కన కూర్చుని ఇద్దరూ తెరవైపే చూస్తుంటే, ఆ మాట తెర మీది నుంచి వస్తే, ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసినా తను పడుతుంది. ఆవిడ వేసుకున్న లెక్క అది.

దర్శకుడు కెమెరా ఆపాడు. "అమ్మా, ఇదే నా సినిమా" అన్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు ఎలా గడిచాయో ఆవిడకే తెలుసు. ఆదివారం మేనకోడలు వస్తే ముఖంలోకి చూసేది, దీనికింకా తెలియదు అనుకునేది. తెలిసే రోజు దగ్గరపడుతోంది అనుకునేది. ఆ పిల్ల మాటలు కాస్త తగ్గించిందని అనిపించింది గానీ, పని ఎక్కువైందేమోలే అని సర్దుకుంది.

సినిమా వేసే శనివారం హాలు నిండింది. కత్తెరమ్మకు ఒక పక్క మేనకోడలు, దానికవతల అల్లుడు. కళ్లజోళ్ల షాపు అతనిది, మాటకారి.

"అత్తయ్యగారూ, ఇవాళైనా కోత లేకుండా వదిలేస్తారా? ఎంతైనా మన సినిమా కదా."

"ముందు చూడనీ."

"చూశారా, అప్పుడే కత్తెర చప్పుడు వినిపిస్తోంది నాకు."

మేనకోడలు నవ్వలేదు. లైట్లు ఆరాయి.

"మరుగున పడిన సింహాలు" అని పేరు పడింది. పేరు చూడగానే ఆవిడకు సగం ఒళ్లు మండింది. వెంటనే వయొలిన్ మొదలైంది. ఇక ఆగలేదది. మనిషి నోరు తెరిస్తే వయొలిన్, మూస్తే వయొలిన్. నడుము విరిగిన పాత ఫైటరు ఒకాయన మంచం మీద నుంచి ఏదో చెబుతుంటే, ఆయన మాట మీదికి ఇంకెవరిదో గంభీరమైన గొంతు ఎక్కింది. "నిప్పుతో ఆడుకున్నారు. మృత్యువును ముద్దాడారు." ఆయన ఏం చెబుతున్నాడో ఎవరికీ వినపడలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, అంతే. బహుశా మందులు దొరకట్లేదని చెబుతున్నాడేమో. ఒకావిడ ఏడుస్తుంటే కెమెరా ఆవిడ కన్ను దగ్గరికి వెళ్లి, చుక్క జారేదాకా అక్కడే కాచుకుని కూర్చుంది. మధ్యలో పెద్ద హీరో ఒకాయన సోఫాలో కాలు మీద కాలేసుకుని "వాళ్లు లేకపోతే మేము లేము" అన్నాడు. ఒక్క పేరు చెప్పలేదు. తెలిస్తే కదా.

అప్పుడు తమ్ముడు దూకాడు.

ఆ పాత సినిమాలో అది మూడు సెకన్లు. ఇక్కడ దాన్ని నెమ్మది చేసి, గాల్లో తేలించి, అయిదుసార్లు చూపించారు. మూడోసారి ఆవిడ చూడగలిగింది. చంక కింద గుడ్డ గీతలు గీతలుగా లాగి ఉంది. వీపు చదునుగా ఉంది, ప్యాడ్ ఉంటే అలా ఉండదు. ఆ హాల్లో కుట్టుపని తెలిసినవాళ్లు ఇంకొక్కరున్నా లేచి అరిచేవాళ్లు. ఇప్పుడు చెబుతారు, ఈ తర్వాతే తన మాట వస్తుంది అనుకుని ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

తెర మీద తన ముఖం వచ్చింది. "సింహమే!" అంది.

వయొలిన్ ఎగిసింది. ముఖం పోయింది. పావురాలు ఎగిరాయి. సినిమా అయిపోయింది.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు. లైబ్రేరియన్ కాగితాలు పంచుతూ ఆవిడ దగ్గరికి వచ్చి "ఇవాళ మీ చేతే బోణీ" అన్నాడు. కత్తెరమ్మ ఆ కాగితం అందుకోలేదు. లేచి, కుర్చీలను తోసుకుంటూ, తలుపు దగ్గర అభినందనలు అందుకుంటున్న దర్శకుడి ముందుకు వెళ్లి నిలబడింది.

"నా మాటలేవి?"

"అమ్మా, ఎలా ఉంది? హాలంతా కదిలిపోయింది చూశారా..."

"మూడు గంటలు మాట్లాడాను. ఒక్క మాట మిగిల్చావు, అదీ సగం కోసి. పిల్లి ఏది? వాంతి ఏది? చొక్కా ఏది?"

"నిడివి సమస్యమ్మా. గంటకు కుదించాలి..."

"పావురాలకు నిడివి దొరికిందే?"

అతను గడ్డం గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను ఉంచాలనే అనుకున్నానమ్మా, ఒట్టు. మీ తమ్ముడి ఫొటోలు వాడుకోవడానికి మీ మేనకోడలు సంతకం కావాల్సి వచ్చింది. సంతకం పెట్టేముందు మొత్తం చూస్తానన్నారు. చూపించాను. ఆ ముక్క తీసేస్తేనే పెడతానన్నారు."

కత్తెరమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. మేనకోడలు నాలుగడుగుల దూరంలో, హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది.

పక్కనే పత్రికలు చదువుకునే గది. అందులోకి వెళ్లారు. ఎవరూ లేరు. ఇద్దరూ కూర్చోలేదు.

"ఎప్పుడు చూశావు?"

"రెండు నెలలైంది. మూడుసార్లు చూశాను."

"ఇన్ని ఆదివారాలు వచ్చావు, ఒక్క ముక్కైనా అడగలేదేమే?"

"అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే విని నేనేదో ఒకటి అనాలి. నా దగ్గర అనడానికేం లేదత్తా."

"తిట్టొచ్చుగా."

"తిడితే నీకు బరువు దిగుతుంది." ఆ పిల్ల గొంతు పెరగలేదు. క్లినిక్‌లో డాక్టరుగారు లేరు రేపు రండి అని చెప్పే గొంతు అది. "అమ్మ ఆఖరి రోజుల్లో నీ చెయ్యి వదల్లేదు. 'మీ అత్త లేకపోతే మనకెవరున్నారే' అనేది. అప్పుడూ చెప్పలేదు నువ్వు. నాకూ చెప్పలేదు. ఎవడో గడ్డంవాడు కెమెరా పట్టుకుని వస్తే వాడికి చెప్పావు. మా నాన్న ఎలా పోయాడో నేను నూట యాభైమందితో కలిసి కూర్చుని, చీకట్లో, వయొలిన్ పెట్టుకుని వినాలా?"

 ఇన్నేళ్లుగా కత్తెరమ్మ ప్రతి సినిమానూ తిట్టింది ఇందుకే కదా. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి, చూసేవాళ్ల కోసం చెప్పినందుకు.

"ఇప్పుడు చెప్తాను, విను తల్లీ."

"వద్దు. ఆదివారం వస్తాను. ఎప్పట్లాగే వస్తాను. ఆ ఒక్క మాట తప్ప ఏదైనా మాట్లాడుకుందాం. అది నువ్వెత్తిన రోజు లేచి వెళ్లిపోతాను. మళ్లీ రాను. ఇది బెదిరింపు కాదత్తా. నా వల్ల కాదు, అంతే."

అల్లుడు గుమ్మంలోంచి తొంగి చూశాడు. "ఏంటి, అత్తాకోడళ్లు కలిసి ఏడుస్తున్నారా? సినిమా హిట్టే అయితే!" ఇద్దరి ముఖాలూ చూసి, ఆటో పిలుస్తానని వెళ్లిపోయాడు.

ఆదివారం మేనకోడలు అన్నమాట ప్రకారం వచ్చింది. కుళాయి కారడం గురించి మాట్లాడుకున్నారు. ఒకతను పన్ను పీకించుకుంటూ డాక్టరు వేలు కొరికాడని చెప్పింది. "ఇప్పుడు డాక్టరుగారికే ఇంజెక్షనత్తా" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగగానే ఎవరు మొదలుపెట్టాలో తెలియక టీవీ పెట్టారు.

రెండో ఆదివారం టీవీలో ఏదో ఫైటింగు సినిమా వస్తోంది. ఒకడు మేడ మీది నుంచి కిందికి పడ్డాడు. మేనకోడలు రిమోటు అందుకుని ఛానెల్ మార్చింది. అక్కడ వంట చేస్తున్నారు. ఉల్లిపాయ ఎంత సన్నగా తరగాలో ఇద్దరూ అరగంట సేపు శ్రద్ధగా చూశారు. వెళ్లేటప్పుడు ఆ పిల్ల ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టింది.  తెలియని మనిషి ముద్దయినా అంత చల్లగా ఉండదు.

పోగొట్టుకోకూడదని ఎవరి కోసమైతే నోరు కట్టుకుందో, ఆ మనిషి రావడం లేదు. ఆ మనిషి బదులు అదే చీర కట్టుకుని, అదే నడక నడుస్తూ ఇంకెవరో వచ్చి రెండు గంటలు కూర్చుని పోతున్నారు. ఇలా ఎన్ని ఆదివారాలైనా గడపొచ్చు. చచ్చేదాకా గడపొచ్చు.

మూడో ఆదివారం మేనకోడలే మాట కలిపింది.

"లైబ్రరీకి వెళ్లట్లేదంట కదా. లైబ్రేరియన్ గారు మా ఆయన షాపుకొచ్చి అడిగారట, అమ్మకు ఒంట్లో బాగాలేదా అని."

"రాయడానికేముంది."

"అన్నీ బాగున్నాయా ఏంటి సినిమాలు?"

"అన్నీ చెత్తే. కానీ ఇంకొకళ్లను ఏ ముఖం పెట్టుకుని తిట్టను?"

మేనకోడలు కిటికీవైపు చూసింది.

 కత్తెరమ్మ కుర్చీ ఆ పిల్లవైపు జరుపుకుంది. "ఆ రోజు గుడ్డ చాలలేదే" అంది.

"అత్తా."

"కూర్చోమని అనను. వెళ్తే వెళ్లు. నేను మాత్రం చెప్తాను."

మేనకోడలు లేచింది. బ్యాగు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఒక చెప్పులో కాలు పెట్టింది. కత్తెరమ్మ చెబుతూనే ఉంది. కెమెరాకు చెప్పినంత బాగా రాలేదు. ముందుది వెనక్కి, వెనకది ముందుకు వచ్చింది. హీరో రంగు మార్చమన్నది మర్చిపోయి మళ్లీ వెనక్కి వెళ్లింది. గుడ్డ చాలదని చెప్పకపోవడం పొగరు వల్లేనంది. స్టూలు దగ్గరికి వచ్చేసరికి దగ్గు వచ్చింది. దగ్గి, మళ్లీ చెప్పింది. రెండో చెప్పు తొడుక్కోకుండా, వీపు ఇటు తిప్పి, తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి ఆ పిల్ల అలాగే నిలబడి ఉంది.

అయిపోయింది. బయట వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అవడం లేదు.

"ప్యాడ్ తీసెయ్యమని నువ్వన్నప్పుడు నాన్న ఏమన్నాడు?" అని అడిగింది మేనకోడలు, తిరగకుండానే.

ఇది దర్శకుడు అడగలేదు. ఇరవై ఆరేళ్లలో ఆవిడ తనకు తానుగా కూడా ఈ మాట పైకి అనుకోలేదు.

"'నువ్వు సరేనంటే సరే అక్కా' అన్నాడు."

మేనకోడలు వంగి రెండో చెప్పు తొడుక్కుంది. పట్టీ ఎక్కడానికి కాస్త టైము పట్టింది. తలుపు తీసింది, బయటినుంచి మెల్లిగా దగ్గరికి వేసింది. మెట్లు దిగిన చప్పుడు కింద గేటు దాకా వినిపించింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారం అల్లుడు ఫోను చేసి "బాగానే ఉంది అత్తయ్యగారూ, పని ఎక్కువగా ఉంది" అన్నాడు. ఈసారి జోకేమీ వెయ్యలేదు. ఆ మాట మేనకోడలే చెప్పమందా అని కత్తెరమ్మ అడగబోయింది. అతను పక్కన ఎవరితోనో ఏదో గొణిగి, "ఉంటానండీ" అని పెట్టేశాడు.